అమెరికాలో ఇంత డబ్బుండీ వీధుల్లో ఇంతమందేంటి: శాన్ హోసేలో చదువుతున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఖమ్మం నుంచి వచ్చి కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌లో చేరి మూడు నెలలైంది. నలభై లక్షల అప్పు. క్లాసుకెళ్లే దారిలో గ్వాడలూపే నది వంతెన కింద గుడారాలు, తలెత్తితే అడోబీ కంపెనీ టవర్లు. "వాళ్లంతా డ్రగ్స్ బ్యాచ్, అటు చూడకు" అన్నారు రూమ్మేట్లు. లైబ్రరీలో రోజూ నీ ఎదురుగా కూర్చుని పేపర్ చదివే పెద్దాయన ఒకరోజు గుమ్మం దగ్గర ఐదు డాలర్లు అడిగాడు. జేబులో ఇరవై నోటు ఉండి కూడా లేవన్నావు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇంత డబ్బున్న దేశంలో ఇదేంటి, నేనేం చేయాలి, ఇంట్లో వాళ్లకు ఏమని చెప్పాలి అని అడిగావు. పేరు బయటపెట్టలేదు కాబట్టి చెబుతున్నానంటూ ఆఖర్లో ఇంకో మాట రాశావు. నువ్వే క్యాంపస్‌లో ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీ నుంచి బియ్యం, గుడ్లు తెచ్చుకుంటున్నావని.

ఆ ఆఖరి మాటే నాకు అసలు ప్రశ్నలా అనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది పాలమూరు జిల్లా. ఈ ఊరొచ్చి 22 ఏళ్లు. డిపెండెంట్ వీసా మీద నాలుగేళ్లు ఇంట్లో కూర్చుని, తర్వాత సోషల్ వర్క్‌లో మాస్టర్స్ చేసి, ఇళ్లు లేనివాళ్లకు గదులు వెతికిపెట్టే ఉద్యోగంలో కుదురుకున్నాను. కేస్ మేనేజర్ అంటారు. మా అమ్మకు చాలా ఏళ్లు "ఆఫీసులో పని" అని మాత్రమే చెప్పాను. అమెరికా దాకా పోయి అడుక్కునేవాళ్ల వెంట తిరుగుతున్నావా అంటుందని భయం. తెలిశాక అదే మాట అంది కూడా.

ముందు నీ రూమ్మేట్ల మాట చూద్దాం. మనవాళ్ల అద్దె ఇళ్లలో రైస్ కుక్కర్‌తో పాటు సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే మాట అది. డ్రగ్స్ లేవని నేననను. ఫెంటనిల్ అనే ప్రాణాంతక మత్తుమందు వచ్చాక నా క్లయింట్లలో పోయినవాళ్ల పేర్లు రాసుకున్న చిన్న పుస్తకం ఒకటుంది నా దగ్గర. కానీ వీధిలో ఉండటానికి అదే కారణమైతే లెక్క కుదరదు. వెస్ట్ వర్జీనియాలో డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో చనిపోయేవాళ్ల రేటు ఏళ్లుగా దేశంలోనే ముందు వరసలో ఉంది. జనాభా లెక్కన చూస్తే ఇల్లు లేనివాళ్లు మాత్రం అక్కడ కాలిఫోర్నియా కంటే చాలా తక్కువ. ఎందుకంటే అక్కడ ఇళ్లు చవక.

సంక్రాంతి ముందురోజు ఎంజీబీఎస్‌లో ఖమ్మం బస్సు కోసం నిలబడ్డావు కదా ఎప్పుడో ఒకప్పుడు? బస్సు ప్లాట్‌ఫాం మీదకు రాకముందే జనం వెంట పరిగెడతారు. కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాడు వేస్తాడు, తువ్వాలు వేసేవాడు వేస్తాడు. యాభై సీట్లు, నూటయాభై మంది. చివరికి కింద మిగిలేదెవరు? మోకాళ్ల నొప్పుల ముసలమ్మ, చంకలో బిడ్డ ఉన్న తల్లి, మందు కొట్టి తూలుతున్నవాడు. బస్సు వెళ్లిపోయాక "తాగాడు కాబట్టి సీటు దొరకలేదు" అనొచ్చు, అబద్ధమేమీ కాదు. కానీ మామూలు మంగళవారం అయితే అదే మనిషి కిటికీ పక్కన గుర్రుపెట్టి నిద్రపోతూ ఖమ్మంలో దిగుతాడు. ఈ ఊళ్లో మాత్రం 365 రోజులూ సంక్రాంతి ముందురోజే.

సీట్లు ఎందుకు లేవంటావా? 2024లో శాన్ హోసే ప్రాంతంలో విడి ఇంటి మధ్యస్థ ధర 20 లక్షల డాలర్లు దాటింది. దేశంలో ఆ గీత దాటిన మొదటి మహానగర ప్రాంతం ఇదే. ఉద్యోగాలు పెరిగినట్టు ఇళ్లు పెరగలేదు, పెరగనివ్వలేదు. 2019 నాటి లెక్క ప్రకారం ఈ నగరంలో నివాసాలకు కేటాయించిన నేలలో 94 శాతం ఒక స్థలంలో ఒకే ఇల్లు కట్టుకోవడానికే. దానికి తోడు 1978లో జనం ఓటేసి తెచ్చుకున్న ప్రాపొజిషన్ 13. ఇంటి పన్ను కొన్న ధరలో 1 శాతం దగ్గర మొదలవుతుంది, పన్ను లెక్కగట్టే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. 1980లో కొన్నవాడికి ఇల్లు అమ్మాల్సిన తొందర లేదు, పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ లేస్తే ఊరుకోవాల్సిన అవసరం అంతకన్నా లేదు. మనవాళ్లు దీనికి మినహాయింపు అనుకోకు. శనివారం గుళ్లో అన్నదానానికి చెక్కు రాసి, మంగళవారం సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో మైకు పట్టుకుని "ఇళ్లు లేనివాళ్ల కోసం ఆ చిన్న ఇళ్లు మా వీధి దగ్గర కట్టొద్దు" అన్నవాళ్లను నేను చూశాను. చూసినవాళ్లలో ఒకరి ఇంటికి ఇప్పటికీ బొమ్మల కొలువుకు వెళ్తాను. ఏం చేస్తాం.

"వీళ్లంతా వేరే రాష్ట్రాల నుంచి వెచ్చదనం కోసం వస్తారు" అని కూడా వింటావు. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు రాష్ట్రమంతా తిరిగి దాదాపు 3,200 మందిని అడిగి 2023లో ఒక అధ్యయనం ఇచ్చారు. పదిమందిలో తొమ్మిదిమంది ఆఖరి ఇల్లు పోగొట్టుకున్నది కాలిఫోర్నియాలోనే. నలుగురిలో ముగ్గురు ఇప్పటికీ ఆ ఇల్లున్న కౌంటీలోనే, అంటే మన జిల్లా లాంటి దాన్లోనే తిరుగుతున్నారు. రోడ్డున పడేముందు వాళ్ల ఇంటి మధ్యస్థ ఆదాయం నెలకు 960 డాలర్లు. నీ రూములో నీ వాటా ఎంతో ఒకసారి చూసుకో. పిల్లాజెల్లా లేని ఒంటరివాళ్లలో దాదాపు సగంమంది 50 దాటినవాళ్లు, అందులోనూ పదిమందిలో నలుగురికి 50 దాటాకే మొదటిసారి నెత్తిమీద కప్పు పోయింది.

నీ ఎదురుగా కూర్చునే పెద్దాయన కథ నాకు తెలియదు. అలాంటివాళ్లు నాకు డజన్లమంది తెలుసు. ముప్ఫై ఏళ్లు గిడ్డంగిలోనో, వంటశాలలోనో పని. వెన్ను పట్టేసింది, లేదా భార్య పోయింది, లేదా యజమాని ఇల్లు అమ్మేశాడు. ఆదాయం లేని వృద్ధులకు, వికలాంగులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ పింఛను 2024లో నెలకు గరిష్ఠంగా 943 డాలర్లు, రాష్ట్రం దానికి కొంత కలుపుతుంది. ఇక్కడ సింగిల్ బెడ్‌రూమ్ అద్దె రెండు వేల పైమాటే. మధ్యలో తేడా పూడ్చడానికి సెక్షన్ 8 అనే అద్దె సాయం ఉంది కానీ, దేశం మొత్తం మీద అర్హులైన ప్రతి నలుగురిలో ఒక్కరికే అందుతోంది. మిగతావాళ్లు వరసలో ఉంటారు. వరస అంటే నెలలు కాదు, ఏళ్లు.

మతి చెడి తమలో తాము మాట్లాడుకునేవాళ్ల గురించి కూడా అడిగావు. ఇంటర్న్‌షిప్‌ల కోసం శాంటా క్లారా వైపు వెళ్తే గడియారం గోపురం ఉన్న ఒక పాత భవనం కనిపిస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ కంపెనీ కొని, తర్వాత ఓరకిల్ చేతికి వెళ్లిన క్యాంపస్ అది. ఒకప్పుడు ఆగ్న్యూస్ అనే పిచ్చాసుపత్రి, మన ఎర్రగడ్డ లాంటిది. 1906 భూకంపంలో అక్కడ వందమందికి పైగా చనిపోయారు. 1955 ప్రాంతంలో దేశంలోని ఇలాంటి సర్కారు ఆసుపత్రుల్లో దాదాపు ఐదున్నర లక్షలమంది ఉండేవాళ్లు. కొత్త మందులొచ్చాయి, లోపలి దారుణాలు బయటికొచ్చాయి, ఖర్చు కూడా బరువైంది. బలవంతంగా ఆసుపత్రిలో పెట్టడాన్ని కట్టడి చేస్తూ 1967లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది, అప్పటి గవర్నర్ రీగన్ సంతకం పెట్టాడు. మూసేయడం తప్పని నేననను, ఆ గోడల వెనక జరిగింది చదివితే ఎవరూ అనరు. వాటి బదులు ఊరూరా పెడతామన్న చికిత్సా కేంద్రాలే చాలినన్ని రాలేదు. ఆ నేల మీద జావా రాసే ఇంజినీర్లు కూర్చున్నారు. ఇంకో సంగతీ గుర్తుంచుకో. వీధిలోకొచ్చాక మతి చెడినవాళ్లు కూడా తక్కువమంది కాదు. వరసగా ఆరు రాత్రులు సరిగా నిద్రలేకపోతే నువ్వెలా ఉంటావు? సెమిస్టర్ పరీక్షల్లోనే తెలిసుండాలి నీకు.

ఇక నీ ప్యాంట్రీ సంగతి.

కాగితం మీద లెక్క వేద్దాం. వంతెన కింద మనిషి ఆస్తి సున్నా. నీది మైనస్ నలభై లక్షలు. అతనికి ఈ దేశంలో ఏ పనైనా చేసుకునే హక్కుంది. నీకు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే. తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపులు అతనికి వస్తాయి, నీకు రావు. డబ్బు ఒక్కటే చూస్తే అతనికంటే పేదవాడివి నువ్వే. మరి నువ్వు పరుపు మీద, అతను గడ్డి మీద ఎందుకున్నారు? రెండు బెడ్‌రూముల ఇంట్లో ఐదుగురు కుర్రాళ్లు నీకు కర్చీఫ్ వేసి ఉంచారు. విమానాశ్రయానికి ఎవరో సీనియర్ కారేసుకుని వచ్చాడు. మొదటి నెల అద్దె ఎవరో కట్టారు. రేపు వీసా గొడవొచ్చినా డల్లాస్‌లో మీ బాబాయి కొడుకు సోఫా ఒకటుంటుంది. నా దగ్గరికొచ్చేవాళ్లకు మొదటిరోజు ఒక ఫారం నింపుతాను. అందులో అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అనే గడి ఉంటుంది. ఎక్కువమంది ఆ గడి దగ్గర ఆగిపోతారు. ఒకాయన చాలాసేపు ఆలోచించి నా పేరే రాయమన్నాడు, అప్పటికి మా పరిచయం ఇరవై నిమిషాలు.

కాబట్టి ప్యాంట్రీకి వెళ్లడానికి సిగ్గు వద్దు. అది విద్యార్థుల కోసం పెట్టిందే, నువ్వు విద్యార్థివే. సర్కారు పథకాలు వేరు, యూనివర్సిటీ పెట్టుకున్న ప్యాంట్రీ వేరు. వీసా మీద ఇంకా అనుమానముంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, వాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, అంటే మీ క్యాంపస్‌తో కలిపి అప్పటి 23 క్యాంపస్‌లు, 2018లో తమ విద్యార్థుల మీదే ఒక అధ్యయనం బయటపెట్టింది. వందలో దాదాపు 42 మందికి తిండికి ఇబ్బంది. దాదాపు 11 మంది ముందటి ఏడాదిలో కనీసం ఒకసారి ఇల్లు లేకుండా గడిపారు, కొందరు స్నేహితుల సోఫాల మీద, కొందరు కార్లలో. నీ పక్క బెంచీ అమెరికన్ కుర్రాడు పొద్దున్నే జిమ్‌కు ఎందుకు వెళ్తున్నాడో నీకు తెలియదు. స్నానానికి కావచ్చు.

రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. ప్యాంట్రీలో వారానికి సరిపడా తీసుకో, ఫ్రీగా వస్తుందని సంచులు నింపుకుని రీల్స్ పెట్టే తెలివితేటలు వద్దు. రెండోది, క్యాష్ మీద బయట పనిచేయొద్దు. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు, ఎవరికీ తెలియదులే అంటారు. ఆ ఒక్క పనితో వీసా హోదా పోయి, పని చేయించుకున్న పెద్దమనిషి జీతం కూడా ఎగ్గొడితే ఎవరికీ చెప్పుకోలేక నా ముందు కూర్చుని ఏడ్చిన తెలుగు పిల్లలు ఇద్దరున్నారు.

"మన దగ్గర పేదరికం చూశాను కానీ ఇంత బాధ ఎప్పుడూ కలగలేదు" అని రాశావు. ఇక్కడ నీతో కొంచెం గొడవ పడాలి. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నానన్నావు. పొద్దున్నే అడ్డా మీద టిఫిన్ డబ్బాతో నిలబడి, పదింటిదాకా ఎవరూ పిలవకపోతే వెనక్కి నడిచే కూలీలను దాటుకునే కదా క్లాసుకెళ్లావు? పెద్దాసుపత్రుల ముందు ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకున్న రోగుల బంధువులను చూడలేదా? 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు పేపర్ల నిండా దాని ఫొటోలే. నగరంలో అలాంటివెన్నో కట్టిన చేతుల్లో మా పాలమూరు చేతులు చాలా ఉన్నాయి. పని కోసం బొంబాయి బస్సెక్కే మా ఊరివాళ్ల మూటలు నా చిన్నతనమంతా చూశాను. చూశాను అంటే, బస్సులో సీటు దొరకలేదని విసుక్కుంటూ చూశాను. అక్కడ మనకు సమాధానాలు పుట్టుకతో ఇచ్చేశారు. వాళ్ల కులం, వాళ్ల రాత, వాళ్లకు అలవాటే. ఇక్కడ ఆ సమాధానాలు పనిచేయక నీకు మొదటిసారి గుచ్చుకుంది, అంతే. ఒక తేడా మాత్రం నిజం. అడ్డా మీద కూలీ పక్కన పదిమంది కూలీలుంటారు, సాయంత్రానికి గుడిసెలో ఎవరో ఉంటారు. ఇక్కడి పేదరికానికి తోడు లేదు. నాకు అదే భరించలేనిదిగా అనిపిస్తుంది. మా ఆయన మాత్రం, పేదరికంలో రకాలేంటి, నీకు ఉద్యోగం ముదిరింది అంటాడు.

కుదిరితే ఒక ఆదివారం 22 నంబర్ బస్సెక్కు. తూర్పు శాన్ హోసేలోని ఈస్ట్‌రిడ్జ్ నుంచి డౌన్‌టౌన్ మీదుగా ఎల్ కమీనో రోడ్డు పట్టుకుని పాలో ఆల్టో, అంటే స్టాన్‌ఫర్డ్ గుమ్మం దాకా వెళ్తుంది. ఏళ్ల తరబడి అది రాత్రంతా నడిచేది. టికెట్ కొనుక్కుని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ నిద్రపోయేవాళ్లు ఎంతమందంటే, దానికి హోటల్ 22 అని పేరు పడింది. చివరి స్టాపు రాగానే డ్రైవర్ లేపేవాడు, దిగి అదే బస్సు మళ్లీ ఎక్కేవాళ్లు. తొంభై నిమిషాల నిద్ర, మళ్లీ తొంభై నిమిషాలు. 2014 డిసెంబరులో ఇక్కడి కయోటీ క్రీక్ ఒడ్డున జంగిల్ అని పిలిచే పెద్ద మకాం ఖాళీ చేయించారు. దాదాపు మూడు వందలమంది ఉండేవాళ్లు. కొందరికి గదులు దొరికాయి, కొందరు ఆ బస్సుకెక్కారు, చాలామంది అదే వాగు వెంట కొంచెం కిందకు జరిగారు. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీంకోర్టు, బయట పడుకోవడాన్ని నగరాలు నేరంగా చూడొచ్చని తీర్పిచ్చింది. అప్పటినుంచి ఖాళీ చేయించడం జోరందుకుంది. నీ దారిలో గుడారాలు వచ్చే నెలకు లేకపోతే వాళ్లకు ఇళ్లొచ్చాయని అనుకోకు.

ఎప్పటికీ మారదా అంటే, మారుతుంది. మాజీ సైనికుల విషయంలో ప్రభుత్వం అద్దె సాయాన్ని, కేస్ మేనేజర్‌ను కలిపి ఇచ్చింది. 2010 నుంచి 2024 మధ్య ఇల్లులేని మాజీ సైనికుల సంఖ్య సగానికి పైగా తగ్గింది. అదే 2024 జనవరిలో ఒక్క రాత్రి లెక్కపెడితే దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 7,71,480 మంది తేలారు. అంతకుముందెప్పుడూ అంత తేలలేదు.

నువ్వేం చేయాలి అన్నావు. ముందు ఫోన్లో కొన్ని ఎక్కించుకో. ఎవరైనా చలనం లేకుండా పడుంటే 911. ఆకలి, బస లాంటి వాటికి 211. మనసు బాగోలేక ప్రాణం మీదకు తెచ్చుకునేలా ఉంటే 988, అది నీక్కూడా పనికొస్తుంది, సిగ్గుపడకు. క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో నార్కాన్ అనే ముక్కు స్ప్రే అడిగి బ్యాగులో వేసుకో. ఓవర్‌డోస్‌తో ఊపిరాగుతున్న మనిషిని వెనక్కి తెస్తుంది, వాడటం పది నిమిషాల్లో నేర్పుతారు. అరుస్తూ వస్తున్నవాడు కనిపిస్తే రోడ్డు దాటి అటు వెళ్లు, అందులో తప్పేమీ లేదు, నేనూ దాటుతాను. ఫొటోలు, వీడియోలు మాత్రం తీయకు. "అమెరికాలో బిచ్చగాళ్లు ఎలా ఉంటారో చూడండి ఫ్రెండ్స్" అని తెలుగులో వీడియోలు చేసేవాళ్ల మీద నాకున్న కోపం ఇక్కడ రాస్తే బాగుండదు.

ఇంట్లో చెప్పాలా అంటే, గుడారాల సంగతి చెప్పు, ప్యాంట్రీ సంగతి కూడా మెల్లగా చెప్పు. అన్నీ బాగున్నాయని చెబుతూ పోతే మీ నాన్న వచ్చే ఏడు మీ తమ్ముడి కోసం ఇంకో నలభై లక్షలకు పొలం తాకట్టు పెడతాడు.

ఇక ఆ లైబ్రరీ. దాన్ని 2003లో నగరం, యూనివర్సిటీ కలిసి కట్టుకున్నాయి. ఎనిమిది అంతస్తులు, ఊరివాళ్లందరికీ తలుపులు తెరిచే ఉంటాయి. ఆ కుర్చీ మీద నీకెంత హక్కుందో ఆయనకూ అంతే ఉంది. నీకు ఐడీ కార్డుంది, ఆయనకు అది కూడా అక్కర్లేదు. పలకరించాలనిపిస్తే డబ్బుతో మొదలుపెట్టకు. పేపర్ చదువుతాడు కదా, అందులో ఏముందో అడుగు. చలికాలం వస్తోంది కాబట్టి కొత్త సాక్సుల జత ఒకటి బ్యాగులో ఉంచుకో. మా దగ్గర దుప్పట్లు మిగిలిపోతాయి కానీ సాక్సులు ఎప్పుడూ చాలవు.

డబ్బు అడిగితే ఇవ్వాలా వద్దా అంటే మా ఆఫీసులోనే రెండు పార్టీలున్నాయి. ఇస్తే మందుకు పోతుందని ఒకటి, ఇచ్చాక అది వాళ్ల డబ్బు, మనకెందుకని ఇంకోటి. నేను రెండో పార్టీ. నెల మొదట్లోనే ఇరవై డాలర్లకు ఒక్కో డాలర్ నోట్లు మార్చి కారులో పెట్టుకుంటాను, అయిపోతే ఆ నెలకు అంతే. నువ్వు ఇరవై నోటు ఇవ్వనందుకు నిద్ర మానుకోకు. అది నీ మూడు రోజుల తిండి. లేవని చెప్పినందుకు అంటావా, మొన్న గురువారం స్టోరీ రోడ్ సిగ్నల్ దగ్గర ఒకామె కారు అద్దం తట్టింది. డబ్బాలో ఇంకా ఆరు నోట్లున్నాయి. ఆ రోజు పొద్దుట్నుంచీ ఒంట్లో బాగోలేదు, ఎవరితోనూ మాట్లాడాలని లేదు. లేవన్నట్టు చెయ్యి ఊపాను, సిగ్నల్ పడింది, వచ్చేశాను.